గంజి పెట్టిన రెక్కలు

బందరులో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన టీచర్లు చాలామందే ఉన్నారు గానీ, కృపావతి టీచరంత గట్టి పిండం ఇంకొకరు లేరు. కాజా కాస్త వంకరపోయినా ఊరుకునేది కాదు. "విప్పు" అనేది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, తల్లి వచ్చి బతిమాలినా అదే మాట. విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. ఆవిడ దగ్గర తిట్లు తిన్నవాళ్ళే తర్వాత గుడివాడలోనూ ఉయ్యూరులోనూ మిషన్లు పెట్టుకుని దర్జాగా బతికారు. అయినా ఆవిడ పేరెత్తితే ఎవరికీ కాజాలు గుర్తుకు రావు. "ఏ కృపావతి? విమానం కృపావతేనా?" అంటారు. అవును, ఆ కృపావతే. యాభై ఎనిమిదిలో, ఎండలు ముదిరే వేళ, బందరు పక్కన ఉప్పు తేలిన చవిటిపర్ర మీద జరిగిన ఆ సంగతి చెబితే సగంమంది నమ్మరు. నమ్మనివాళ్ళ కర్మ. నేను చెప్పేది చెబుతాను.

కృపావతిది బంటుమిల్లి దగ్గర పల్లె. తండ్రి జీవానందం ఆదివారాలు గుడిలో పాటలు పాడించేవాడు, మిగతా రోజులు కూలికి వెళ్ళేవాడు. యుద్ధం రోజుల్లో, జపాను వాళ్ళు సముద్రం మీంచి వచ్చిపడుతున్నారని కోస్తా అంతా హడలిపోయిన వేసవిలో, ఒక విమానం ఆ పల్లె మీదుగా తాటిచెట్ల ఎత్తున వెళ్ళింది. అది మనవాళ్ళదో పరాయివాళ్ళదో ఎవరికి తెలుసు? ఊరు ఊరంతా కాలవలోకి దూకి మెడలోతు నీళ్ళలో నక్కింది. రెండు చేతులా గడ్డిమోపు హత్తుకుని గట్టు మీద వస్తున్న కృపావతి మాత్రం దూకలేదు. భయం లేక కాదు, గడ్డి తడిపితే అమ్మ తంతుందని. అలా నిలబడిపోయి తలెత్తింది. విమానంలో తోలుటోపీ పెట్టుకున్న మనిషొకడు కిందికి చూసి చెయ్యి ఊపాడు. తిరిగి చెయ్యి ఊపాలని ఆ పిల్లకు ప్రాణం కొట్టుకుపోయింది. రెండు చేతుల్లోనూ గడ్డి. మోపు దింపాలన్న ఆలోచన వచ్చేలోగా విమానం వెళ్ళిపోయింది.

ఊళ్ళోవాళ్ళు తడిబట్టలతో ఒడ్డెక్కి, ప్రాణాలు దక్కాయని ప్రార్థన పెట్టుకున్నారు. కృపావతి ప్రార్థనలో కళ్ళు మూసుకుందన్న మాటేగానీ మనసంతా ఆ చెయ్యి మీదే ఉంది. దాన్ని నడిపేది మనిషే. మనిషే అయితే తనూ మనిషే కదా! ఆ మాట పైకి అనలేదు. అంటే పిచ్చిపిల్ల అంటారని తెలిసేంత తెలివి ఆ వయసుకే ఉంది.

పెద్దదైంది. బందరు వచ్చి కుట్టుపనిలో ట్రైనింగయింది, టీచరుద్యోగం వచ్చింది, రత్నరాజుతో పెళ్ళయింది. రత్నరాజు లాంచీ ఇంజన్ల మేస్త్రీ. బందరు కాలవ మీద ఏ లాంచీ మొరాయించినా అతనికే కబురు. ఇంజను పక్కన చెవి ఒగ్గి విని, రోగం ఇదీ అని చెప్పేవాడు. మనిషి మహా నెమ్మది. పెళ్ళాం కోపమొచ్చి అరుస్తున్నా అలాగే చెవి ఒగ్గి వినేవాడు, ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకుందామన్నట్టు. అతని తల్లి రూతమ్మది దివిసీమ, నాగాయలంక అవతల. కృష్ణ పొంగి ఇల్లు పట్టుకుపోయిన ప్రతిసారీ మళ్ళీ ఇల్లు కట్టుకున్న మనిషి కాబట్టి ఆవిడ దేనికీ తొందరగా బెదిరేది కాదు.

ఇక శోభనాద్రి గారు. గుడివాడలో రైసుమిల్లు, చుట్టుపక్కల మాగాణి, మిలిటరీవాళ్ళు వదిలించుకున్న జీపొకటి ఆయన ఆస్తి. ఆ జీపు ఆయనే నడిపేవాడు. అది వస్తోందంటే కోళ్ళూ కుక్కలే కాదు, మునసబులూ కరణాలూ కూడా పంటకాలవలోకి దిగి దారి ఇచ్చేవాళ్ళు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. దివిసీమలో ఒక జమీందారుగారి సామాను వేలం వేస్తున్నారని తెలిసి టేకు బల్లల కోసం వెళ్ళి, వాటితోపాటు మేకులు కొట్టి ఉన్న పొడుగాటి పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. జమీందారుగారు కుర్రతనంలో ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించి, మోజు తీరిపోయి, విప్పకుండానే వదిలేశారట. లోపల రేకు తాపడం ఉండబట్టి చెద పట్టలేదు. విప్పి చూస్తే చెక్కబద్దలు, తీగలు, మరలు, మడతపెట్టిన పటాలు. మిల్లు ఇంజను చూడ్డానికి వచ్చిన రత్నరాజును పిలిచి చూపించాడు.

"ఇది విమానమండీ" అన్నాడు రత్నరాజు, పటం అటూ ఇటూ తిప్పి. "ముక్కలుగా పంపించారు. మనమే బిగించుకోవాలి."

శోభనాద్రి గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గుడివాడలో కార్లున్నవాళ్ళు ఉన్నారు గానీ విమానం ఉన్న మొనగాడు లేడు. "ఇంజనేదయ్యా? ఆ ఇంజనేదో చూపించు ముందు" అన్నాడు.

"దీనికి ఇంజనుండదండీ. జీపుకు తాడు కట్టి లాగితే గాలిపటంలాగ లేస్తుందట. పైకెళ్ళాక తాడు వదిలేస్తే గాలి మీద జారుకుంటూ వచ్చి మెల్లిగా దిగుతుందట."

"ఇంజను లేని విమానమేవిటయ్యా, నా మొహం! ఎద్దుల్లేని బండా?" అని శోభనాద్రి గారు చప్పబడిపోయాడు. "సరే, పట్టుకెళ్ళి నీ షెడ్డులో పడేసి, ఏమవుతుందో చూడు."

పెట్టె బందరు చేరింది. అది చూశాక కృపావతి కాళ్ళు ఇంట్లో నిలవలేదు. షెడ్డులో పటాలు నేల మీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ చూసింది. రత్నరాజుకు కొరుకుడుపడని రెక్క పటం ఆమెకు చూడగానే అర్థమైపోయింది. జాకెట్టు చేతికి కటింగు వేసినట్టే ఉంది. ఇక్కడ వంపు, ఇక్కడ మడత, ఇక్కడ అతుకు.

"ఏవండీ, చెక్కపని మీది, గుడ్డపని నాది" అంది.

"మరి ఎగిరే పని?" అన్నాడు రత్నరాజు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "అదీ నాదే."

రత్నరాజు చెవి ఒగ్గి విన్నాడు. ఆ గొంతులో తేడా ఏమీ వినపడలేదు. గడ్డిమోపు పట్టుకుని నిలబడ్డ పిల్ల సంగతి ఆ వేళే మొదటిసారి మొగుడికి చెప్పింది. అంతా విని, "నాకైతే ఇంజను చప్పుడు లేనిది నమ్మబుద్ధి కాదు కృపా. చప్పుడు ఆగిందంటే నాకు గుండె ఆగినట్టే" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. అనే మనిషి కాదు.

బడి వదిలాక రోజూ అదే పని. రత్నరాజు బద్దలు అతికి, తీగలు బిగించి చట్రం నిలబెట్టాడు. మనిషి కూర్చోవడానికి ముందు భాగంలో ఒక చిన్న పీట, చుట్టూ గోడ కూడా లేదు. కాళ్ళ దగ్గర ఒక అడ్డకర్ర, చేతికి ఒక నిలువు కర్ర. కింద చక్రాల బదులు పడవ అడుగులా నున్నటి బద్ద. పెట్టెలో వచ్చిన గుడ్డ మడతల దగ్గర పీలికలైపోతే కృపావతి పెడన వెళ్ళి సన్ననేత గుడ్డ తెచ్చి, రెక్కలకు తొడుగులు కుట్టింది. తనకే నచ్చక ఒక రెక్క మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. ఆ సంగతి తెలిసి బళ్ళో పిల్లలు పండగ చేసుకున్నారు.

గుడ్డ తొడిగాక బిర్రుగా బిగియడానికి ఏదో మందు పుయ్యాలట. ఆ మందు డబ్బా పెట్టెలోనే ఉంది గానీ, ఇన్నేళ్ళకు లోపల రాయైపోయింది. గుడ్డ బిర్రెక్కడానికి కృపావతికి తెలిసిన మందు ఒక్కటే, గంజి. కృష్ణాజిల్లాలో పుట్టినవాళ్ళకు గంజి మీద ఉండే నమ్మకం అలాంటిది. శోభనాద్రి గారి మిల్లు నూకలు తెప్పించి, పెద్ద గుండిగలో చిక్కగా కాచి, పూత మీద పూత పూసింది. ఎండకు ఆరేసరికి రెక్క మీద వేలితో కొడితే మద్దెల మోగినట్టు మోగింది. రత్నరాజు కూడా "అబ్బో" అన్నాడు. ఇంటి వెనక రెండు నులకమంచాలు కలిపి, వాటి మీద రెక్కను ఇంకాస్త ఆరబెట్టి, అందరూ మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నారు.

పక్కింటి వెంకటరత్నమ్మ గారికి ఒక గేదె ఉంది. వీళ్ళింట్లో కాఫీలోకి ఆ గేదె పాలే. పుట్టిన దగ్గర్నుంచీ కుడితి తొట్లో గంజి తాగి పెరిగిన జీవం. తలుగు తెంపుకుని వచ్చి, ముందు మర్యాదగానే నాకి చూసినట్టుంది. రుచి తగిలాక ఇక మర్యాద ఏముంటుంది! కృపావతి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకొచ్చేసరికి, రెక్క ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎముకల గూడులా బద్దలు తేలి ఉంది. గేదె నోట్లోంచి ఒక గుడ్డ పీలిక వేలాడుతోంది. అది కళ్ళు సగం మూసుకుని తీరిగ్గా నెమరేస్తోంది.

కృపావతి కేక విని వాడంతా వచ్చింది. వెంకటరత్నమ్మ గారు వచ్చి, "మా గేదెకేవన్నా అయితే ఎవరమ్మా పూచీ? గుడ్డ అరుగుతుందా దానికి?" అని ఎదురు దెబ్బలాడింది. ఆ కోపంలో కూడా కృపావతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, అందరి ముందూ. అంతకుముందు ఆమె ఏడవగా బందరులో ఎవరూ చూడలేదు.

కబురు గుడివాడ చేరింది. శోభనాద్రి గారు జీపు వేసుకుని వచ్చి, ఎముకల గూడును చూసి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత పైపంచెతో మొహం తుడుచుకుని అసలు మాట బయటపెట్టాడు. మద్రాసులో ఎవరో ఒక పాత విమానం అమ్ముతున్నారట. ఇంజనుంది, రెండు సీట్లున్నాయి, నడిపే పైలటును కూడా వాళ్ళే కుదురుస్తారట. వాళ్ళకు ఇలాంటి పాత సీమ సరుకంటే మోజట, ఈ పెట్టెను కూడా బేరంలో కలుపుకుంటామన్నారట.

"కట్టడాలూ కుట్టడాలూ మనకెందుకు టీచరమ్మా! తయారుగా ఉన్నది కొనుక్కుంటే పోలా? తిరునాళ్ళకు తీసుకెళ్తాం, జనాన్ని ఎక్కించి ఒక చుట్టు తిప్పుతాం. నువ్వింత కష్టపడ్డావు కాబట్టి మొట్టమొదటి చుట్టు నీకే. సరేనా?" అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు.

కృపావతి చెంగుతో కళ్ళొత్తుకుంది. "అందులో నేనెక్కడ కూర్చోవాలండీ?"

"వెనక సీట్లో."

"మరి ముందు సీట్లో?"

"ముందు సీట్లో పైలటు కూర్చుంటాడు గదమ్మా!"

"అయితే నాకొద్దండీ."

శోభనాద్రి గారికి ఆ మాట ఎక్కలేదు. రత్నరాజు వైపు చూశాడు. "ఏవయ్యా, ఇది నువ్వు నడపడానికి కదూ కడుతున్నావు?"

"కాదండీ" అన్నాడు రత్నరాజు. "తనకి."

శోభనాద్రి గారు గొంతు తగ్గించాడు. ఆయన జీవితంలో అది అరుదు. "ఆడకూతురివి. పడితే?" అన్నాడు.

"మగాడు పడితే నొప్పుండదాండీ?" అంది కృపావతి. "కొన్నదాంట్లో నేను ఎప్పటికీ వెనక సీటు మనిషినేనండీ. కడితేనే ఇది నాది. పెట్టె మీది, పంపించేస్తానంటే కాదనడానికి నేనెవర్ని? కానీ ఒక్కసారి దీన్ని నేల మీంచి లేపి చూపించాక పంపించండి."

శోభనాద్రి గారు మీసం దువ్వుకున్నాడు. "ఉగాది సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికి ఇది గాల్లోకి లేచిందా, మద్రాసు బేరం వద్దనుకుంటాను. లేవలేదా, పెట్టెలో సర్ది పంపించేస్తాను. ఆ తర్వాత నన్ను తిట్టుకోకూడదు" అన్నాడు.

సంగతి తేలిపోయింది. ఉగాదికి ఎన్నాళ్ళో లేదు. రెక్క కొత్తగా కుట్టడం ఒక ఎత్తు, గేదెల నుంచి కాపాడటం ఇంకో ఎత్తు. చవిటిపర్ర మీద బందరు పశువులన్నీ తిరుగుతాయి. గంజి రెక్క అక్కడికి తీసుకెళ్ళడమంటే విస్తరి వేసి పిలిచినట్టే. కృపావతి దిగాలుగా కూర్చుంటే, వాకిట్లో చేపలు తోముతున్న రూతమ్మ తలెత్తకుండానే అంది:

"మీ ఆయనకు మూడేళ్ళొచ్చినా పాలు మానలేదే. ఏం చేశానో తెలుసా? వేపాకు నూరి రాసుకున్నాను. ఒక్కసారి మూతి పెట్టి చూశాడు, మళ్ళీ నా వైపు రాలేదు."

రత్నరాజు సిగ్గుపడి షెడ్డులోకి పోయాడు. కృపావతి లేచి అత్తగారి బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది, ఆవిడవి చేపల చేతులని కూడా చూడలేదు. ఈసారి గంజి మానేసి చింతపిక్కల జిగురు కాచి పట్టించింది. దాని మీద, పడవలకు పూసే గుగ్గిలాన్ని కరిగించి వేపనూనెలో కలిపి పలచగా పూసింది. మంచు తడికి సాగకుండా గుగ్గిలం, నాలుకలు తగలకుండా వేపనూనె. ఇల్లంతా, ఒళ్ళంతా వేప కంపు. బళ్ళో పిల్లలు ముక్కులు మూసుకున్నారు గానీ టీచరుతో ఎవరంటారు? వెంకటరత్నమ్మ గారి గేదె మాత్రం ఒకసారి వచ్చి వాసన చూసి, పెద్దగా తుమ్మి వెనక్కి తిరిగింది. అది చూసి రూతమ్మ చేసినంత సంబరం కొడుకు పెళ్ళిలో కూడా చెయ్యలేదు.

ముక్కలుగా విప్పి, రెండెడ్ల బండి మీద చవిటిపర్రకు చేర్చి, అక్కడ బిగించారు. ఎండిన పర్ర తెల్లగా, గట్టిగా, కనుచూపు మేర చదునుగా ఉంటుంది. దారిలో ఒక పోలీసు కనిష్టీబు ఆపి, దీనికి లైసెన్సేది అన్నాడు. ఇంజను లేదు కాబట్టి మోటారు కాదు, ఎద్దులు కట్టరు కాబట్టి బండీ కాదు. ఏం రాసుకోవాలో పాలుపోక, "జాగ్రత్తమ్మా" అని వెళ్ళిపోయాడు.

మొదట తాడు లేకుండా నేర్చుకుంది. మధ్యాహ్నం సముద్రపుగాలి లేవగానే గాలికెదురుగా పెట్టి, పీట మీద కూర్చుని, చేతికర్ర కదిపి రెక్కలు రెండూ సమంగా నిలబెట్టడం. అది కుట్టుమిషను తొక్కడం కన్నా కష్టమేమీ కాదని తేల్చింది. కాళ్ళూ చేతులూ కలిసి పనిచేస్తే చాలు. పటాలతో వచ్చిన పుస్తకం చదివి, చదివిందంతా అక్కడే చేసి చూసుకునేది. చీర మాత్రం నాట్లు వేసే ఆడవాళ్ళలా గోచీపెట్టి బిగించింది.

ఆ తర్వాత శోభనాద్రి గారి జీపు అరువు తెచ్చి తాడు కట్టారు. కాలవ మీద పడవలు లాగే పొడుగాటి తాడు. రత్నరాజు జీపు నడిపేవాడు. విమానం పర్ర మీద జరజరా జారేది, కాస్త తేలికపడేది, అంతలో మళ్ళీ నేలకు అంటుకునేది. ఒకసారి మోకాలెత్తు లేచినట్టే లేచి దబ్బున పడింది. ఎన్నిసార్లు లాగినా ఇంతే. చింతపిక్కల జిగురు బరువెక్కువైందేమో అనుకున్నారు. రెక్క కోణం తప్పేమో అనుకున్నారు. రత్నరాజు మాత్రం ఏమీ అనకుండా మరలు బిగిస్తూ కూర్చునేవాడు.

ఉగాది వచ్చింది. శోభనాద్రి గారు కొత్త పంచె కట్టుకుని, గుడివాడ నుంచి ఒక లారీడు మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. లారీ మళ్ళీ ఖాళీగా వెళ్ళదు, లేవకపోతే పెట్టె అందులోనే ఎక్కుతుందని చెప్పేశాడు. విమానం ముందు కొబ్బరికాయ కొట్టాడు. రూతమ్మ తానూ ప్రార్థన చేస్తానని మొదలుపెట్టి, నోవహు ఓడ దగ్గర్నుంచి అందుకుంది. ఆవిడ ఆమేన్ అనేలోపు గుడివాడ జనం ఉగాది పచ్చడి గిన్నెలు ఖాళీ చేసేశారు.

మొదటిసారి లాగారు. లేవలేదు. రెండోసారీ లేవలేదు. గుడివాడ జనంలో నవ్వులు మొదలయ్యాయి. ఎవడో "గేదెను కట్టి లాగండయ్యా" అని అరిచాడు. మూడోసారి లాగినప్పుడు కృపావతి రెక్కల వంక చూడలేదు, ముందున్న జీపు వంకే చూసింది. విమానం తేలికపడింది. పీట కింద నేల వదులైంది. సరిగ్గా అప్పుడు తాడు వదులైంది. కోపంతో ఆమెకు చెవులు ఎర్రబడ్డాయి. పీట దిగి చరచరా జీపు దగ్గరికి నడిచింది.

"యాక్సిలేటరు మీంచి కాలు తీసేస్తున్నారు."

రత్నరాజు ఇంజను ఆపేశాడు.

"ఇన్నాళ్ళూ మీరే కాలు తీసేస్తున్నారు. లేవబోతుంటే చూసి తీసేస్తున్నారు. అవునా కాదా?"

రత్నరాజు స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కావాలని కాదు కృపా. వెనక్కి తిరిగి చూస్తే నువ్వు పైకి లేస్తూ కనపడతావు. చప్పుడేమీ ఉండదు. నా కాలు దానంతటదే లేచిపోతుంది. నేనేం చెయ్యను?"

కృపావతికి ఇంకా తిట్టాలని ఉంది. తిట్టలేకపోయింది. ఇంత మంచిమనిషి తన దారికి ఇన్నాళ్ళూ అడ్డుపడ్డాడు. పడిపోతుందేమోనన్న ప్రేమతోనే అడ్డుపడ్డాడు. గొంతు తగ్గించి, "దిగండి" అంది. "వచ్చి రెక్క పట్టుకోండి. నేను లేచేదాకా రెక్క వాలకుండా పట్టుకుని పరిగెత్తండి. నాకు మీరు పక్కన ఉండాలి, ముందు కాదు."

తర్వాత శోభనాద్రి గారి వైపు తిరిగింది. "మీ జీపు మీరే నడుపుతారాండీ?"

"నేనా? ఎలా నడపమంటావు?"

"మీరు రోజూ గుడివాడ బజార్లో నడిపినట్టే నడపండి."

గుడివాడ జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. శోభనాద్రి గారు మాత్రం నవ్వలేదు. జీవితంలో మొదటిసారి ఎవరో తన డ్రైవింగును గౌరవించారు. పంచె ఎగ్గట్టి ఎక్కి కూర్చున్నాడు. సాయంత్రపు గాలి సముద్రం మీద నుంచి నిబ్బరంగా వీస్తోంది. కృపావతి గోచీ సవరించుకుని, పీటకు నడుము కట్టుకుని, చెయ్యెత్తి సైగ చేసింది.

జీపు ముందుకు ఉరికింది. నిజంగా ఉరికింది. తాడు బిర్రున సాగింది. రెక్క కొస పట్టుకుని రత్నరాజు పరిగెత్తాడు, నాలుగడుగులు వేశాడో లేదో చెయ్యి ఖాళీ అయింది. జరజర మోత ఆగిపోయింది. కృపావతికి ఏమైందో తెలియలేదు. కిందికి చూస్తే తన నీడ తనను వదిలేసి పర్ర మీద వెళ్ళిపోతోంది.

పైకి, ఇంకా పైకి. తాటిచెట్ల ఎత్తు. భయం వేసింది. ఎంత భయమంటే, నోట్లోంచి "అమ్మా" అన్న మాట వచ్చింది. అదే నోట్లోంచి వెంటనే నవ్వొచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎదురుగా సరుగుడు తోటలు, పాయలు, వాటి అవతల సముద్రం. కింద జీపు అగ్గిపెట్టెంత ఉంది. అందులోంచి శోభనాద్రి గారి గొంతు మాత్రం ఇంకా వినపడుతోంది. పుస్తకంలో చెప్పినట్టు తాడు వదిలే మీట లాగింది. తాడు, తెగిన గాలిపటం తోకలా, కిందికి జారిపోయింది. ఇక ఎవరూ లాగడం లేదు. ఎవరూ ఆపడం లేదు. చెవుల పక్కన గాలి, చింతపిక్కల జిగురు పట్టిన గుడ్డ మీద ఆ గాలి చేసే చిన్న చప్పుడు, అంతే.

కింద పర్ర అంచున కాలిబాట మీద, గంపలు నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్ళు ఊళ్ళోకి వెళ్తున్నారు. ఉగాది లేదు, విమానం లేదు, వాళ్ళకు ఏ కబురూ తెలియదు. నీడ మీద పడేసరికి బిత్తరపోయి ఆగారు. కృపావతి వాళ్ళను చూసింది. కర్ర మీద నుంచి చెయ్యి తియ్యకూడదని పుస్తకంలో పెద్దక్షరాలతో రాసి ఉంది. తీసింది. ఒక చెయ్యి తీసి, గట్టిగా ఊపింది.

వాళ్ళలో ఒకామె గంప దింపింది. తొందరేమీ పడకుండా, చేపలు ఒలికిపోకుండా దింపింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

కృపావతి ఏడ్చింది. పెరట్లో ఏడ్చిన ఏడుపు కాదది. కన్నీళ్ళు గాలికి చెవుల్లోకి కొట్టుకుపోతుంటే, విమానాన్ని మెల్లిగా వంచి, కాజా కుట్టినంత జాగ్రత్తగా తీసుకొచ్చి పర్ర మీద దింపింది. నున్నటి బద్ద జారుకుంటూ వెళ్ళి ఆగింది. ఒక రెక్క నెమ్మదిగా నేలకు వాలింది.

జనం పరుగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు రత్నరాజు వచ్చాడు, పెళ్ళాం మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వెనకాల రూతమ్మ, కొంగు నడుముకు దోపి, ఆ వయసులో! శోభనాద్రి గారు వెనక్కి తిరిగి చూస్తూ జీపును పర్ర అంచున ఉన్న ఊబిలోకి దింపేసి, నడుము దాకా బురదతో కాలినడకన వచ్చాడు. కొత్త పంచె సంగతి ఆయనకు గుర్తు లేదు.

"అమ్మాయ్!" అన్నాడు. అంతవరకూ టీచరమ్మా అన్న మనిషి. "మద్రాసు లేదు, గిద్రాసు లేదు. ఈ విమానం నీది. విన్నారా అందరూ? ఇది అమ్మాయిది!"

లారీలో వచ్చిన జనం ఈలలు వేశారు. గేదె అని అరిచినవాడే అందరికన్నా గట్టిగా వేశాడు. రూతమ్మ వచ్చి కోడలి మొహం రెండు చేతులా నిమిరి, "ఇక దిగవే, దిష్టి తీస్తాను" అంది.

కృపావతి దిగలేదు. నడుముకు కట్టుకున్న కట్టు కూడా విప్పలేదు. చెంపల మీద ఉప్పు కట్టిన కన్నీళ్ళను ముంజేత్తో తుడుచుకుని, గాలి ఇంకా ఉందా లేదా అని రెక్క వైపు చూసింది.

"జీపు బయటికి లాగి తాడు కట్టండి" అంది.

రత్నరాజు ఊబి వైపు నడిచాడు. జనం జీపును ఒడ్డుకు లాగారు. అతను ఎక్కి, ఇంజను వేసి, ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఈసారి కాలు తియ్యను" అన్నాడు.